పేరు మిగిలింది, చెయ్యి మారింది

1998 చివరి నెలల్లో అమెరికాలోని వీడియోగేమ్ దుకాణాల్లోకి రెండు ఆటలు దాదాపు ఒకేసారి వచ్చాయి. రెండూ సోనీ ప్లేస్టేషన్ మీద ఆడేవే. రెండింట్లోనూ పని ఒకటే: ఆయుధాలు బిగించిన బండెక్కి, ఎదురొచ్చిన బళ్లన్నిటినీ పేల్చెయ్యడం. ఒకదాని పేరు 'ట్విస్టెడ్ మెటల్ 3'. అప్పటికే రెండు భాగాలతో లక్షలమందిని కట్టిపడేసిన వరుసలో అది మూడోది. ఇంకొకటి 'రోగ్ ట్రిప్'. ఆ పేరు అంతకుముందు ఎవరూ విన్నది కాదు. విచిత్రమేమిటంటే, ట్విస్టెడ్ మెటల్ మొదటి రెండు భాగాలను తయారుచేసిన స్టూడియో చేసింది ఈ పేరులేని ఆటను. మూడో భాగాన్ని చేసింది వేరే స్టూడియో. పేరు ఒకచోట, పనితనం ఇంకోచోట ఇలా విడివిడిగా దొరకడం చాలా అరుదు. మామూలుగా రెండూ కలిసే ఉంటాయి గనుక, ఒక సీక్వెల్ చెడిందంటే కథ బాగోలేదనో, తొందరపడ్డారనో తోచిన కారణం చెప్పి ఊరుకుంటాం. ఇక్కడ మాత్రం ఎవరో కావాలని ఒక వరుసను రెండుగా చీల్చి, ఏ ముక్క ఏపాటి బతుకుతుందో పరీక్ష పెట్టినట్టయింది. ఆ పరీక్ష చూశాక నాకు తోచేది ఇది: సీక్వెల్‌కు ప్రాణం పేరులోనూ పాత్రల్లోనూ కన్నా, కాగితం మీదికెక్కని పనితనంలో ఎక్కువ ఉంటుంది. ఆ పనితనం జట్టుతో పాటే వెళ్లిపోతుంది, హక్కుల పత్రంతో పాటు చేతులు మారదు.

ప్రత్తిపాడు, పర్చూరు, చిలకలూరిపేట వైపుల నుంచి పాతికేళ్ల కిందట గుంటూరుకు చదువులకు వెళ్లిన కుర్రాళ్లలో ట్విస్టెడ్ మెటల్ ఎరిగినవాళ్లు తక్కువే ఉంటారు. ప్లేస్టేషన్ అప్పట్లో మన పత్తి, మిరప పల్లెల ఇళ్లలోకి వచ్చే వస్తువు కాదు. బ్రాడీపేట, అరండల్‌పేట నెట్ సెంటర్ల తరానికి తెలిసింది 'రోడ్ రాష్'. బైకు మీద పోతూ పక్కవాణ్ణి కాలితో తన్నడం, వాడి చేతిలోని గొలుసు లాక్కుని వాడినే కొట్టడం, వెనక పోలీసు తగులుకోవడం. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ 1991లో సెగా యంత్రం కోసం చేసిన ఆ ఆట, 1996లో కంప్యూటర్ మీదికి వచ్చి మన దేశంలో కాపీ డిస్కుల పుణ్యమా అని ఇంటింటి పేరైంది. అయితే రోడ్ రాష్‌లో ఎంత కొట్టుకున్నా చివరికి గీత దాటాల్సిందే, అది పందెమే. ట్విస్టెడ్ మెటల్‌లో గీత లేదు. ఒక ఊరో, స్టేడియమో, మంచు మైదానమో నాలుగు పక్కలా మూసేసి, అందులో పది పన్నెండు బళ్లను వదిలేస్తారు. నేల మీద అక్కడక్కడా దొరికే క్షిపణులను, బాంబులను ఏరుకుంటూ, తన బండి ప్రాణం అయిపోకుండా చూసుకుంటూ, మిగతావాటిని తుక్కు చెయ్యాలి. చివరికి కదులుతున్న బండి ఏదైతే అదే గెలిచినట్టు. ఇలాంటివాటిని బళ్ల యుద్ధాల ఆటలు అనుకుందాం. 1990ల రెండో సగంలో ఈ రకం ఒక వెలుగు వెలిగి, ఆ తర్వాత పదేళ్లలోపే సన్నగిల్లింది.

మొదటి ట్విస్టెడ్ మెటల్ 1995లో వచ్చింది. చేసింది అమెరికాలో యూటా రాష్ట్రం, సాల్ట్ లేక్ సిటీలోని సింగిల్‌ట్రాక్ అనే చిన్న స్టూడియో. దాన్ని స్థాపించినవాళ్లు ఎవాన్స్ అండ్ సదర్లాండ్ కంపెనీ నుంచి బయటికొచ్చిన ఇంజినీర్లు. పైలట్లకు శిక్షణ ఇచ్చే విమాన సిమ్యులేటర్లకు బొమ్మలు గీసే యంత్రాలను తయారుచేసే కంపెనీ అది. సోనీ తరఫున డేవిడ్ జాఫీ వీళ్లతో కలిసి ఆట రూపురేఖలు దిద్దాడు. కథ సులువైనదే. కాలిప్సో అనే మాయల మనిషి ఏటా లాస్ ఏంజెల్స్ వీధుల్లో పోటీ పెడతాడు. గెలిచినవాడు ఏ కోరిక కోరినా తీరుస్తాడు. తీరుస్తాడు గాని, కోరిన మాటను పట్టుకుని కోరినవాడినే ముంచుతాడు. వరం ఎక్కడ తిరగబడుతుందో చూసే ముచ్చట భస్మాసురుడి కథ విన్న మనకు కొత్తేమీ కాదు. తల మీద మంటలు మండుతుండగా ఐస్‌క్రీం బండి నడిపే బఫూన్ 'స్వీట్ టూత్' ఆ వరుసకే గుర్తుగా మిగిలిపోయాడు. 1996లో రెండో భాగం వచ్చేసరికి యుద్ధం ప్రపంచమంతా పాకింది. పారిస్‌లో బాంబు పెట్టి ఈఫిల్ టవర్‌ను కూల్చవచ్చు. కూలిన టవరు వంతెనగా పడి, అప్పటిదాకా అందని మేడల కప్పుల మీదికి దారి తెరుస్తుంది. అంటార్కిటికాలో మంచు గడ్డలు ముక్కలై జారిపోతూ, నిలబడే చోటే తరిగిపోతుంది. మాస్కోలో యుద్ధస్థలం మంచు నిండిన పెద్ద గిన్నె. బండి ఆపినా జారుతూనే ఉంటుంది. ఒక్కోచోట ఒక్కో ఎత్తుగడ నేర్చుకోవాలి. ఈ రకం ఆటల్లో దీన్ని మించింది లేదని చెప్పేవాళ్లు నేటికీ ఉన్నారు, ఆ మాట మరీ అతిశయోక్తీ కాదు.

1997లో సింగిల్‌ట్రాక్‌ను జీటీ ఇంటరాక్టివ్ అనే ప్రచురణ సంస్థ కొనేసింది. ట్విస్టెడ్ మెటల్ అనే పేరు, కాలిప్సో, స్వీట్ టూత్, ఆ బళ్లు అన్నీ సోనీ ఆస్తి. ఆ ఆటలను నడిపే ప్రోగ్రాములు రాసిన చేతులు మాత్రం జీటీ వాళ్ల జీతగాళ్లయ్యాయి. సోనీ తన చేతిలో ఉన్న పేరును ఊరికే ఎందుకు ఉంచుకుంటుంది? కాలిఫోర్నియాలోని తన సొంత స్టూడియోకు మూడో భాగాన్ని అప్పజెప్పింది. ఆ స్టూడియో పేరు 989. ఆఫీసు ఉన్న వీధిలో తలుపు నంబరు అది, అదే పేరుగా పెట్టుకున్నారు. అమెరికన్ ఫుట్‌బాల్, ఐస్ హాకీ లాంటి క్రీడల ఆటలకు వాళ్లకు మంచి పేరుంది. అంటే చేతగానివాళ్లేమీ కాదు. వాళ్లు చెయ్యనిది ఒక్క ఈ రకం ఆటే. పాత ఆటలు నడిచిన ఇంజిన్ లేకుండా, తమ ఇంజిన్ తాము రాసుకుని, రెండో భాగం వచ్చిన రెండేళ్లకల్లా మూడో భాగాన్ని పండగ అమ్మకాలకు అందించాల్సిన పని వాళ్ల నెత్తిన పడింది.

పత్తి రైతుకు ఈ పరిస్థితి విడమరిచి చెప్పనక్కర్లేదు. పోయిన ఏడు బాగా కాసిన రకం పేరు చూసి ఈ ఏడు అదే కంపెనీ ప్యాకెట్ కొంటాడు. ప్యాకెట్ నకిలీ కాదు. కంపెనీ అసలుదే, పేరు అసలుదే, మీదున్న బొమ్మ కూడా అదే. లోపలి విత్తనం పుట్టిన తల్లి తండ్రి మొక్కలు మారితే మాత్రం ఆ సంగతి ప్యాకెట్ చెప్పదు. మొలకెత్తినప్పుడూ తెలియదు. పూత నిలవాల్సిన రోజుల్లో తెలుస్తుంది, అప్పటికి పెట్టుబడి పెట్టేసి ఉంటాడు. ట్విస్టెడ్ మెటల్ 3 కొన్న కుర్రవాడికి అయిందీ ఇదే. అట్ట మీద అదే బఫూన్, తెర మీద అవే బళ్లు. రెండు భారీ చక్రాల మధ్య చేతులు చాపుకుని నిలబడే యాక్సెల్‌ను కూడా వదల్లేదు. మొదటి అయిదు నిమిషాలు ఏ తేడా కనపడదు.

తేడా మలుపుల్లో బయటపడుతుంది. బళ్ల యుద్ధాల ఆటలో ఆటగాడి బుర్ర రెండు పనుల మీద ఉంటుంది: నడపడం, కొట్టడం. నడపడం ఎంత తేలికగా, ఆలోచించకుండా జరిగితే కొట్టడం మీద అంత ధ్యాస నిలుస్తుంది. అందుకే మొదటి రెండు భాగాల్లో బళ్లు నిజం బళ్లలా ప్రవర్తించవు. పెద్ద లారీ కూడా ఉన్నచోటనే గిరుక్కున తిరుగుతుంది. ఎత్తు నుంచి దూకితే చక్రాల మీదే పడుతుంది. సిమ్యులేటర్లు చేసిన అనుభవం ఉన్న ఇంజినీర్లకు నిజం బండి ఎలా కదులుతుందో బాగా తెలుసు. తెలిసినవాళ్లు గనుకే ఎక్కడ అబద్ధం ఆడాలో కూడా పట్టుకోగలిగారని నా ఊహ. 989 జట్టు దీనికి ఎదురుదారి పట్టింది. బళ్లకు బరువు, ఊపు, ఎగిరిపడటం అన్నీ భౌతికశాస్త్రం లెక్కన జరిగేటట్టు కొత్త పద్ధతి తెచ్చింది. చెప్పుకోవడానికి అది ముందడుగు. ఆడటానికి మాత్రం చిన్న గట్టు తగిలితే బండి ఎగురుతుంది, పక్కకు ఒరుగుతుంది, పల్టీ కొడుతుంది. వెల్లకిలా పడ్డ బండిని మళ్లీ చక్రాల మీదికి తెచ్చుకునేలోపు చుట్టూ ఉన్న శత్రువులు చెయ్యాల్సింది చేసేస్తారు. ఓడిపోవడం ఆటగాడికి పెద్ద బాధ కాదు. తను తప్పు చేసి ఓడితే ఇంకోసారి ఆడతాడు. బండి తన మాట వినక ఓడితే యంత్రాన్ని కట్టేస్తాడు.

పాత జట్టు దగ్గరున్న ఈ తెలివి ఎక్కడా రాసి పెట్టి ఉండదు. బండి ఎంత వేగంగా తిరగాలి, గోడను గుద్దితే ఎంత వెనక్కి రావాలి, క్షిపణి గురి ఎంత దూరం దాకా వదలకూడదు లాంటి వందల చిన్న అంకెలు ఆట లోపల ఉంటాయి. ఆ అంకెల్ని ఇచ్చినా ఉపయోగం కొంతే. ఏ అంకెను ఏ అంకె ఆసరా చేసుకుని ఉందో, ఏది మారిస్తే ఏది చెడుతుందో వాటితో రోజూ కుస్తీ పట్టినవాడికే తెలుస్తుంది. యుద్ధస్థలాల సంగతీ అంతే. మూడో భాగంలో హాలీవుడ్, వాషింగ్టన్, లండన్, టోక్యో, ఈజిప్టు, ఉత్తర ధ్రువం ఉన్నాయి. పటం మీద చూస్తే రెండో భాగానికి తీసిపోయేది ఏమీ కనపడదు. కాని ఈఫిల్ టవర్ కూలడం ఎందుకు గుర్తుండిపోయింది? అది కంటికి వింత కావడం ఒక్కటే కారణం కాదు, కూలాక ఆడే తీరు మారిపోతుంది. వింతను ఎత్తుగడగా మార్చే ఆ చాకచక్యం మూడో భాగంలో అరుదు. ఊళ్ల పేర్లు వచ్చాయి, ఊళ్లకు తగ్గ ఆట రాలేదు. ముగింపులూ పలచబడ్డాయి. రెండో భాగంలో చేత్తో గీసిన బొమ్మల మీద గొంతు వినిపిస్తూ సాగే ఆ వరాల కథల్లో ఒక చేదు చమత్కారం ఉండేది. మూడో భాగంలో కదిలే కంప్యూటర్ బొమ్మలు వచ్చాయి, వెటకారం పెద్ద నోరుతో చేసే వెక్కిరింతగా దిగింది. రాబ్ జాంబీ లాంటి రాక్ గాయకుడి పాటలు పెట్టారు. అవి బాగున్నాయని ఆటను తిట్టినవాళ్లు కూడా ఒప్పుకున్నారు. పాటలు బాగుండి సినిమా ఆడని సందర్భాలు మనకు కొత్త కాదు కదా.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది, అది గట్టిదే. ట్విస్టెడ్ మెటల్ 3 నష్టపోలేదు. బాగానే అమ్ముడైంది. ఎక్కువ అమ్ముడైన ఆటలను సోనీ తక్కువ ధరకు మళ్లీ వదిలే 'గ్రేటెస్ట్ హిట్స్' వరుసలోకీ ఎక్కింది. సమీక్షకులు పెదవి విరిస్తేనేం, జనం కొన్నారు కదా? కొన్నారు. ఎప్పుడు కొన్నారనేది అడగాలి. ఆట నాణ్యత కొన్నాక తెలుస్తుంది, కొనకముందు తెలిసేది పేరు ఒక్కటే. కాబట్టి మూడో భాగం అమ్మకాలు చాలావరకు రెండో భాగానికి పడిన మార్కులు. పెద్ద హీరో సినిమాకు మొదటి రోజు వచ్చే వసూళ్లు ఆ సినిమా గురించి ఏమీ చెప్పవని, రెండో వారం చెబుతుందని మన థియేటర్ల వాళ్లకు తెలియనిది కాదు. వీడియోగేమ్‌కు రెండో వారం లాంటిది దాని తర్వాత ఆ వరుసకు ఏమైందన్నదే. ఆ లెక్క చూస్తే, సోనీ ఈ వరుసను ప్లేస్టేషన్ 2 మీదికి తీసుకెళ్లాలనుకున్నప్పుడు బాగా అమ్మిన 989 జట్టును పిలవలేదు. పాత సింగిల్‌ట్రాక్ వాళ్లను వెతుక్కుంటూ వెళ్లింది. 2005లో చేతిలో పట్టుకునే పీఎస్‌పీ యంత్రానికి వచ్చిన 'హెడ్-ఆన్' అయితే రెండో భాగం నుంచే కథ ఎత్తుకుంది. 989 చేసిన మూడు, నాలుగు భాగాల కథ జరగనే లేదన్నట్టు సాగింది. పేరుకు యజమాని అయిన కంపెనీయే తన ఆటలను రెండింటిని లెక్కలోంచి తీసేసిందంటే, అమ్మకాల చిట్టా కన్నా అది పెద్ద సాక్ష్యం.

రెండో అభ్యంతరం మనుషుల స్వభావం గురించి. అలవాటైనదాన్ని మారిస్తే ఎవరికైనా నచ్చదు, అభిమానులు పాతదాన్ని పట్టుకు వేళ్లాడతారు, మూడో భాగంతోనే మొదలుపెట్టిన పిల్లలు దాన్నే ఇష్టపడ్డారు అంటారు. చివరి మాట నిజం. చిన్నప్పుడు చేతికి ఏది దొరికితే అదే గొప్పగా ఉంటుంది, దాన్ని తప్పుపట్టే పని లేదు. కాని మార్పే కారణమైతే 2001లో వచ్చిన 'ట్విస్టెడ్ మెటల్: బ్లాక్' పూర్తిగా మునిగిపోవాలి. అందులో మారినంతగా ఇంకెక్కడా మారలేదు. కార్టూన్ రంగులు పోయాయి, ఆకాశం నల్లబడింది, పోటీదారులంతా పిచ్చాసుపత్రి నుంచి వచ్చినవాళ్లు, వాళ్ల కథల్లో నవ్వడానికి ఏమీ లేదు. అంతకుముందటి అభిమాని గుర్తుపట్టలేనంత చీకటి. అయినా విమర్శకుల మార్కుల సగటు నూటికి తొంభై దాటింది. మారనిది ఒక్కటే: బండి మాట వినడం. స్టీరింగ్ తిప్పగానే తిరిగింది, బ్రేకు వెయ్యగానే ఆగింది, క్షిపణి దెబ్బకు బరువు తెలిసింది. అభిమానులు మొండివాళ్లే కావచ్చు, కాని వాళ్ల మొండితనం బఫూన్ బొమ్మ మీద కాదని బ్లాక్ తేల్చేసింది.

ఇదంతా ఒక్క కేసు మీద కట్టిన మేడ అనేవాళ్ల కోసం అదే కాలంలో, అదే రకంలో, మహాసముద్రానికి అవతల జరిగిన ఇంకోటి చెప్పాలి. 'కార్మాగెడాన్' అనే ఆటను బ్రిటన్‌లోని వైట్ ద్వీపంలో స్టెయిన్‌లెస్ అనే స్టూడియో 1997లో చేసింది. పందెంలో గెలవడానికి పాదచారులను గుద్దినా మార్కులు ఇచ్చే ఆట. బ్రిటిష్ సెన్సారు వాళ్లు ముందు సర్టిఫికెట్ ఇవ్వబోమన్నారు. మనుషుల బదులు ఆకుపచ్చ నెత్తురు కారే జాంబీలను పెట్టి విడుదల చేశారు, తర్వాత అప్పీలులో అసలు రూపానికే అనుమతి దొరికింది. ఈ గొడవతో వచ్చిన ప్రచారం కోట్లు పెట్టినా దొరికేది కాదు. ఆ రక్తపాతం రుచిని సమర్థించే ఉద్దేశం నాకు లేదు. కాని గుద్దినప్పుడు కారు సొట్ట పడే తీరు, నలిగిన బండి ఇంకా పరిగెత్తే తీరు దాన్ని నిలబెట్టాయన్నది మాత్రం కాదనలేం. 1998లో రెండో భాగాన్నీ స్టెయిన్‌లెస్సే చేసింది. 2000లో మూడో భాగం 'టీడీఆర్ 2000' చేసే పని ప్రచురణకర్త ఆస్ట్రేలియాలోని టోరస్ గేమ్స్‌కు ఇచ్చాడు. పెద్ద పెద్ద పటాలు వచ్చాయి, వాటిలో చెయ్యడానికి పని తక్కువ, బండి నడక కుదరలేదు, తప్పులు చాలా ఉన్నాయి. సమీక్షలు చీల్చి చెండాడాయి. ఆ తర్వాత పదిహేనేళ్ల దాకా ఆ వరుసలో పెద్ద ఆట ఏదీ రాలేదు. రెండు దేశాలు, రెండు కంపెనీలు, మూడో భాగానికి చేతులు మారడం ఒక్కటే ఉమ్మడి అంశం.

ఇక అసలైన చిక్కు మూడో అభ్యంతరంలో ఉంది: అవే చేతులు చేసినా చెడినవి లేవా? ఉన్నాయి. యాక్టివిజన్ 1997లో చేసిన 'ఇంటర్‌స్టేట్ 76' ఈ రకంలో అందరూ మెచ్చుకున్న ఆట. చమురు కరువొచ్చిన అమెరికాలో, ఒక బటన్ నొక్కితే తోటి డ్రైవరు కవిత్వం చదివే చిత్రమైన ఆట. 1999లో అదే కంపెనీ తెచ్చిన 'ఇంటర్‌స్టేట్ 82'లో నడక పరుగైంది, కారు దిగి ఇంకో కారెక్కే సదుపాయం చేరింది, ఆత్మ ఎటో పోయింది. 1998లో 'రోడ్ రాష్ 3డీ'ని ఎలక్ట్రానిక్ ఆర్ట్సే చేసింది. కొట్లాట వెనక్కి తగ్గి పందెం ముందుకొచ్చిందని పాత ఆటగాళ్లు మొహం చిట్లించారు. మన సినిమాల్లోనూ రెండు రకాలూ కనిపిస్తాయి. 2012లో గబ్బర్ సింగ్ తీసిన హరీశ్ శంకర్ 2016లో సర్దార్ గబ్బర్ సింగ్‌కు లేడు; పేరు ఉంది, హీరో ఉన్నాడు, మొదటిదానికి వచ్చిన ఆదరణ రాలేదు. ఇది నా వాదనకు అనుకూలం. కాని 2009లో కిక్ తీసిన సురేందర్ రెడ్డే, అదే రవితేజతో 2015లో కిక్ 2 తీశాడు, అదీ దెబ్బతిన్నది. దీన్ని దాచిపెట్టి వాదిస్తే అది వాదన కాదు. చేతులు ఉంటే చాలు, ఆట బాగుంటుందని నేను అనడం లేదు. ఉన్న చేతులు దారి తప్పవచ్చు, కొత్తదనం కోసం తమ బలాన్ని తామే పారేసుకోవచ్చు. చేతులు పోతే మాత్రం ఏది బలమో తెలిసినవాడే ఉండడు. మొదటిది ప్రమాదం, రెండోది దాదాపు ముందే రాసిపెట్టిన ఫలితం.

దీనికి ఇంకో మెలిక ఉంది. స్టెయిన్‌లెస్ 2011లో కార్మాగెడాన్ హక్కులను తిరిగి సంపాదించింది. మరుసటి ఏడు కిక్‌స్టార్టర్‌లో అభిమానుల దగ్గర చందా అడిగితే ఆరు లక్షల డాలర్లకు పైగా పోగయ్యాయి. 2015లో 'రీఇన్‌కార్నేషన్' వచ్చింది. ఇప్పుడు పేరూ ఉంది, చేతులూ ఉన్నాయి. ఫలితం అంతంత మాత్రం. నత్తనడకన నడిచే ప్రోగ్రాము, పాత ఆటకు మెరుగుపెట్టినట్టున్న రూపం, చల్లారిన సమీక్షలు. నా వాదనకు తగిలిన గట్టి దెబ్బ ఇదేనని ఒప్పుకోవాలి, అయితే ఇది దాన్ని కూల్చదు, సరిచేస్తుంది. పనితనం ఆస్తిలా భద్రపరుచుకునేది కాదు. రెండో భాగానికీ దీనికీ మధ్య పదిహేడేళ్లు గడిచాయి, ఆ కాలంలో స్టెయిన్‌లెస్ వేరే వేరే పనులు చేసుకుంటూ బతికింది. సింగిల్‌ట్రాక్ వాళ్లకు ఆ ఖాళీ రాలేదు. పేరు పోయినా 1998లోనే రోగ్ ట్రిప్ రూపంలో అదే పని చేశారు. అక్కడ కాలిప్సో లేడు, వరాలు లేవు, సర్వనాశనమైన భవిష్యత్తులో యాత్రికులను బండెక్కించుకుని చూడదగ్గ చోట్లు తిప్పి డబ్బు సంపాదించే వేళాకోళం కథ ఉంది. నడపడంలో, కొట్టడంలో పాత రుచి కనబడిందని ఆడినవాళ్లు అన్నారు. అయినా అది ట్విస్టెడ్ మెటల్ 3 కింద మరుగున పడిపోయింది. పేరు లేని పనితనానికి దుకాణంలో ఎంత విలువో దాంతో తెలిసింది. పేరుకు శక్తి లేదని ఎవరూ అనుకోకూడదు. కాకపోతే ఆ ఆట ఆ జట్టు చేతులకు తుప్పు పట్టనివ్వలేదు. సింగిల్‌ట్రాక్ మూతపడే వేళకు అందులోని ముఖ్యులు 1999లోనే ఇన్‌కాగ్నిటో అనే కొత్త స్టూడియో పెట్టుకున్నారు. ఆ ముఖ్యుల్లో ఒకడైన స్కాట్ క్యాంప్‌బెల్ అక్కడ, డేవిడ్ జాఫీ సోనీలో. విడిపోయిన రెండు ముక్కలు మళ్లీ కలిసిన చోటే బ్లాక్ పుట్టింది.

989 జట్టును ఇన్నేళ్లూ తిట్టినవాళ్లు వాళ్లకు చెయ్యాల్సిన న్యాయం ఒకటి మిగిలిపోయింది. కంపెనీల ఒప్పందాల్లో జరిగిన చీలికకు నింద మోసింది ఆ ప్రోగ్రామర్లు, ఆ బొమ్మలు గీసినవాళ్లు. ఇతరులు పెంచిన పంటను సగంలో చేతికిచ్చి, పాత దిగుబడి ఎందుకు రాలేదని అడిగారు వాళ్లను. 1999లో వాళ్లే చేసిన నాలుగో భాగాన్ని జాగ్రత్తగా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. అది గొప్ప ఆట కాదు. స్వీట్ టూత్ కాలిప్సోను తోసేసి తనే పోటీ నడిపే కథ, రాబ్ జాంబీయే ఒక బండెక్కి రావడం, ఆటగాడు తన బండిని తనే తయారుచేసుకునే సదుపాయం లాంటి ఆకర్షణలు ఎక్కువ, లోతు తక్కువ. కాని బండి మూడో భాగంలోకన్నా మాట వింటుంది, యుద్ధస్థలాల్లో దాగే చోట్లు, దూకే చోట్లు ఆలోచించి పెట్టినట్టున్నాయి, సమీక్షలు కూడా మూడోదానికన్నా ఇది మేలన్నాయి. అంటే రెండేళ్ల కుస్తీలో ఆ జట్టు ఆ చిన్న అంకెల మర్మం సొంతంగా కనుక్కోవడం మొదలుపెట్టింది. సింగిల్‌ట్రాక్ తన మొదటి భాగం నుంచి రెండో భాగానికి చేసిన ప్రయాణం ఎలాంటిదో, వీళ్లు మూడు నుంచి నాలుగుకు చేసింది అలాంటిదే. తేడా ఏమిటంటే వీళ్ల మొదటి అడుగు లక్షలమంది ముందు, ఇంకొకరి పేరు మీద వెయ్యాల్సొచ్చింది. ఆ మెరుగు ఎందాకా పోయేదో చూసే అవకాశం రాలేదు. కొత్త శతాబ్దం మొదట్లో 989 సోనీ మాతృసంస్థలో కలిసిపోయింది, ఆ పేరు క్రీడల ఆటల మీద మాత్రం ఇంకొన్నాళ్లు కనిపించింది. బళ్ల యుద్ధం అప్పుడప్పుడే పట్టుబడుతున్న ఆ చేతులకు మళ్లీ ఆ పని దొరకలేదు.